కారు కోసం అత్తయ్య చేసిన ప్రార్థన

మావారు బందరులో డాక్టరు. దివిసీమ పల్లెలకి వెళ్లి రోగుల్ని చూసొచ్చేవారు. డాక్టరుకి కారు లేకపోతే పరువేముంటుందని ఎవరో ఎక్కించారు. అంతే, బెజవాడ ఫైనాన్సు కంపెనీ దగ్గర వాయిదాల మీద ఒక పాత కారు కొన్నారు. కోడూరు దారిలో బురద మొదలవగానే దాన్ని గట్టున వదిలేసి, చెప్పులు చేత్తో పట్టుకుని నడిచేవారు. వాయిదా కట్టే ఒకటో తారీఖు దగ్గరపడితే అన్నం సయించేది కాదు. వీధిలో సైకిలు బెల్లు మోగినా కంపెనీ మనిషేమోనని ఉలిక్కిపడేవారు. నాకు ఆ కారంటే ఒళ్లు మంట.

“అమ్మేసి బస్సెక్కండి. ఊళ్లో తిరగడానికి నెలకింతని రిక్షా మాట్లాడుకుందాం,” అన్నాను.

“డాక్టరు రిక్షాలో దిగితే ఎవరు మందు పుచ్చుకుంటారే?”

“కార్లో దిగి ఇచ్చినా మీ మందు చేదేగా!”

నవ్వేశారు. ఆయన నవ్వారంటే ఒప్పుకున్నట్టే.

గుడివాడ నుంచి ఒక బియ్యం వ్యాపారి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి తెగ ముచ్చటపడ్డాడు. కంపెనీ బాకీ సంగతి ముందే చెప్పమని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. “బేరం కుదిరాక చెబుదాంలే, బెదిరిపోతాడు,” అన్నారు ఈయన. బేరం కుదిరింది. వ్యాపారి బయానా కోసం జేబులో చెయ్యి పెట్టాడు.

అప్పుడు మా అత్తయ్య వరండాలోకి వచ్చారు. మా ఇంట్లోకి ఏ వస్తువు వచ్చినా, ఇంట్లోంచి పోయినా ప్రార్థన చేయాల్సిందే. ఒకసారి మొదలుపెడితే మధ్యలో ఆపే ధైర్యం ఎవరికీ లేదు. అందరం తలలు వంచాం. వ్యాపారి కూడా చేతులు జోడించాడు.

“ప్రభువా, ఈ కారుని నీ చేతుల్లో పెడుతున్నాం. పొద్దున్నే నలుగురు తోస్తేగాని కదలదని నీకు తెలుసు. వానొస్తే ఎడమ తలుపులోంచి నీళ్లు కారతాయని నీకు తెలుసు. కంపెనీవాళ్ల బాకీ ఇంకా తీరలేదని కూడా నీకు తెలుసు. ఈ నాయన కూడా అన్నీ తెలిసే కొనుక్కునేట్టు చెయ్యి తండ్రీ.”

మధ్యలో ఈయన రెండుసార్లు గట్టిగా “ఆమేన్” అన్నారు. అత్తయ్య వినిపించుకోలేదు. నేను ఒక కన్ను తెరిచి చూశాను. వ్యాపారి భుజాలు కదులుతున్నాయి. కోపమేమోననుకున్నాను. తీరా చూస్తే నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

“అమ్మగారూ, ఎన్నో బేరాలు చేశానండీ. సరుకు గురించి ఇంత వివరంగా చెప్పినవాళ్లు లేరండీ,” అని ఈయన వైపు తిరిగాడు. “పదండి డాక్టరుగారూ, బెజవాడ వెళ్దాం. కంపెనీ బాకీ వాళ్లకే కట్టేసి, మిగిలింది మీకిస్తాను. తోసే కూలీ మాత్రం ధరలో తగ్గించండి.”

తగ్గించారు. ఆ వారంలోనే లెక్క తేలింది. కారుని వీధి చివరిదాకా మేమే తోసి సాగనంపాం.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో, ఎప్పుడూ తప్పించుకునే మావారు తనే చేస్తానన్నారు. “ప్రభువా, ఒకటో తారీఖంటే నాకింక…” అని ఆగిపోయారు. చేత్తో కళ్లు తుడుచుకున్నారు. నాకూ కళ్లు చెమర్చాయి.

ఎంత పొడుగు ప్రార్థనైనా తొందరపడని మా అత్తయ్య, కొడుకు వీపు మీద చెయ్యి వేసి, “ఆమేన్,” అనేశారు.