దొరగారు అనుకోని సంగతులు

నాకు ఇంగ్లీషు వచ్చునని అనుకోవడమే ఈ ఉదంతంలో నేను చేసిన మొదటి తెలివితక్కువ పని. ఇరవైల దశకం నడుమ, ఒక ఫాల్గుణ మాసంలో, నన్ను అరకు లోయలో అడవి శాఖ దొరగారి దగ్గర క్యాంపు గుమాస్తాగా వేశారు. క్యాంపు గుమాస్తా అంటే దొరగారు ఎక్కడ మకాం వేస్తే అక్కడ కాగితాల పెట్టె విప్పి, అర్జీలు చదివి వినిపించి, కొండవాళ్లు చెప్పింది ఇంగ్లీషులోనూ దొరగారు చెప్పింది తెలుగులోనూ అప్పజెప్పే మనిషి. జీతం గుమాస్తాది, తిట్లు దుబాసీవి. విజయనగరంలో మెట్రిక్యులేషన్ ప్యాసైన ధీమాతో ఘాటీ ఎక్కాను. మన్యం జ్వరానికి క్వినైను తెచ్చుకున్నాను గాని, ఇంగ్లీషుకు మందేమీ తెచ్చుకోలేదు.

చేరిన నాటి సాయంత్రమే దొరగారు బంగళా వరండాలో కూర్చుని, “ఈ వేళప్పుడు నీవొక కోడిని సంపాదించగలవని నేననుకోను” అన్నారు. నేను కాసేపు ఆలోచించి, “నేనూ అనుకోనండి” అన్నాను. అంత పెద్ద ఉద్యోగితో మొదటి రోజే అభిప్రాయం కలిసినందుకు లోలోపల మురిశాను కూడా. దొరగారు నా వైపు ఒక చూపు చూసి, లోపలికి వెళ్లి ఉత్త బంగాళాదుంపలతో భోజనం ముగించారు.

వంటవాడు అప్పలస్వామి గరిటెతోనే బయటికొచ్చాడు.

“ఏటి గుమస్తాగారూ, కోడేదండీ?”

“దొరగారు అడగలేదే!”

“అడిగినారు కదేటి! మా దొర ‘అనుకోను’ అన్నారంటే బేగి పరిగెట్టాల. ‘అనుకుంటాను’ అంటేనే కూకోవచ్చు.”

ఆ తర్వాత చెవులు రిక్కించి వినడం నేర్చుకున్నాను. మనం “వాన రాదేమో” అంటాం. కాదనడాన్ని వాన మీద పెడతాం. వాళ్లు వాన జోలికి పోరు. “వాన వస్తుందని నేననుకోను” అని తమ మనసు మీద పెట్టుకుంటారు. తరువాత కుండపోతగా కురిసినా పెద్దమనిషి మాట తప్పినట్టు కాదు. ఈ పద్ధతిలో దొరగారు లెక్క తప్పిన గుమాస్తాను “ఇది సరిగా ఉందని నేననుకోను” అని తిట్టేవారు. అడ్డమైన కోరికలు కోరినవాణ్ణి “అది మంచిదని నేననుకోను” అని పంపేసేవారు. క్యాంపులో సగం పనులు ఆయన అనుకోకుండానే జరిగిపోయేవి.

గుట్టు తెలిసింది గదా అని నేను అతి తెలివికి పోయాను. ఒక వెదురు కంట్రాక్టరు హద్దు దాటి కొట్టుకుంటానని అడిగితే, దొరగారు మామూలుగా అది మంచిదనుకోవడం లేదన్నారు. నేను “వద్దన్నారు” అని చెప్పేశాను. దొరగారు తెలుగు పరీక్ష ప్యాసైన మనిషి. మిగతా తెలుగు ఎలా ఉన్నా, “వద్దు” మాత్రం ఆయనకు బాగా తెలుసు. నన్ను పిలిచి, తాను వద్దనలేదనీ, తన మాట ఉన్నదున్నట్టు చెప్పడమే నా పని అనీ, దాని అర్థంతో నాకు నిమిత్తం లేదనీ మందలించారు.

ఆయన కంగారుకు కారణం ఉంది. అర్జీని తోసిపుచ్చితే కారణం రాసి సంతకం పెట్టాలి. దాని మీద పై అధికారికి అప్పీలు పోవచ్చు. అనుకోవడం లేదంటే ఏమీ రాయనక్కర్లేదు, అర్జీదారు తనంతట తానే దిగి వెళ్లిపోతాడు.

చైత్రంలో ఊటవలస జనం వచ్చారు. పోడు కోసం కొండవాలున చెట్లు కొట్టి ఎండబెట్టుకున్నారు. వానలు పడేలోగా వాటిని కాల్చి, ఆ బూడిదలో సామలూ చోళ్లూ చల్లుకోవాలి. ఇంతలో గార్డు వచ్చి, ఆ వాలు రిజర్వు అడవిలోదని నిప్పు పెట్టనివ్వలేదు. కాల్చకముందే వాన పడితే ఆ ఏడాది ఊరికి తిండి లేనట్టే. అప్పటికే సాయంత్రాలు మబ్బు పడుతోంది.

ఊరిపెద్ద సోమన్న మనవి నేను ఇంగ్లీషులో చెప్పాను. దొరగారు చెప్పింది, ఆజ్ఞ ప్రకారం, పొల్లు పోకుండా తెలుగులో చెప్పాను.

“ఆ వాలు ఇవ్వగలనని దొరగారు అనుకోవడం లేదు.”

“ఇవ్వనన్నాడేటి బాబూ?”

“అలా అనలేదు.”

“మరేటన్నాడు?”

“అనుకోవడం లేదన్నారు.”

సోమన్న వెనక్కి తిరిగి, “ఒలే, దొర ఇంకా అనుకోనేదట. కూకోండి” అన్నాడు. ఊరంతా కూర్చుంది.

వాళ్ల ఆచారం ఒకటి అప్పటికి నాకు తెలుసు, దొరగారికి తెలియదు. పెద్దమనిషి వాకిట్లోకి వెళ్లి ఏదైనా అడిగితే, ఆయన లేదని నోటితో అని, ఎందుకు లేదో చెప్పేదాకా అడిగినవాడు కదలడు. కదలనంతసేపూ ఆ ఇంటికి చుట్టం. చుట్టానికి అంబలి పోయడం ఇంటివాడి వంతు. ఇది దొరగారికి వివరించాను. మర్యాదస్థుడు కనుక కాదనలేక, అప్పలస్వామికి చోళ్ల బస్తా విప్పమని చెప్పారు.

“ఓ వంటాయనా, అంబలి గెడ్డనీళ్లలాగుంది. మీ దొరింట్లో పిండి నేదేటి?” అని ఒక ముసలమ్మ కేకేసింది.

“తిన్నోళ్లకి వంకలు కూడానా! కుండ కడగడానికైనా లెగండి” అని అప్పలస్వామి గింజుకున్నాడు. ఆడవాళ్లు లేచి కుండ తోమి, మళ్లీ కూర్చున్నారు.

మర్నాడు దొరగారు, వీళ్లింకా ఎందుకున్నారని అడిగారు. తమరు అనుకోవడం కోసం కాచుకుని ఉన్నారన్నాను. ఇంతకంటే స్పష్టంగా తాను చెప్పగలనని అనుకోనన్నారు. అదీ చెప్పాను.

“పరవానేదు, నింపాదిగా అనుకోమను బాబూ. మాకు తొందర నేదు, మబ్బుకే తొందర” అన్నాడు సోమన్న.

నేను ఒక్క “వద్దు” అంటే వాకిలి ఖాళీ అయ్యేది, ఊరి గాదెలూ ఖాళీ అయ్యేవి. ఆ మాట నా నోట రాకూడదని దొరగారి ఆజ్ఞే ఉంది. ఇంత ఇష్టంగా నేను ఏ ఆజ్ఞనూ పాటించలేదు.

చివరికి లేదని రాయడానికే సిద్ధపడి, కారణం కోసం దొరగారు పటం తీయించారు. పటంలో హద్దుగీత ఆ వాలుకు ఎగువన ఉంది. నమ్మకం కుదరక గార్డును వెంటబెట్టుకుని స్వయంగా ఎక్కారు. హద్దురాళ్ల గుట్ట సరిగ్గా గీత ఉన్నచోటే ఉంది. గార్డు తన ఓపిక కొద్దీ రిజర్వును దిగువన పారే గెడ్డ దాకా సాగదీశాడు.

దొరగారు చెమటలు కక్కుకుంటూ తిరిగొచ్చి, వాళ్లు కాల్చుకుంటే తనకు అభ్యంతరం ఉంటుందని అనుకోననీ, అయితే రేంజరు వచ్చి చూసేదాకా ఆగడం మంచిది కాదని కూడా అనుకోననీ సెలవిచ్చారు. అవతల కొండ మీద ఉరిమింది. దీన్ని ఉన్నదున్నట్టు చెబితే వీళ్లు మళ్లీ అంబలికి కూర్చుంటారు.

“కాల్చుకోమన్నారు. బేగి ఎల్లండి!” అన్నాను.

“అమ్మయ్య, అనుకున్నాడు! ఇంత సిన్న ముక్కకి ఎంత నొప్పులు పడిపోనాడో!” అంటూ ముసలమ్మ అందరికంటే ముందు లేచింది.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. మనిషి కాదనడాన్ని ఎక్కడ పెడుతున్నాడో చూస్తే, దేనికి పూచీ పడదలచుకోలేదో తెలుస్తుంది. మిగిలిన సర్వీసంతా నాకు ఇది డిక్షనరీ కంటే ఎక్కువ పనికొచ్చింది.

వాకిలి అంత వేగంగా ఖాళీ కావడం చూసి దొరగారికి అనుమానం వచ్చింది. తన మాట ఉన్నదున్నట్టే చెప్పావా అని అడిగారు.

“చెప్పానని నేననుకోనండి” అన్నాను, చక్కని ఇంగ్లీషులో.

అది తప్పు ఒప్పుకోవడమో, సందేహమో, ఉత్త మర్యాదో ఆయనకు తేలలేదు. తన సొంత భాషే కావడం వల్ల కాదనలేకపోయారు.