చీమల ఇంటికి కొత్త కోడలు

నేను చీమల్ని పెంచుతున్నానంటే మా ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఉద్యోగం లేనివాడు ఏదో ఒకటి పెంచుకుంటాడు, గడ్డం కంటే ఇది నయం అంది అమ్మ. గాజు డబ్బాలో ఒక రాణి, ఆమె కన్న ముప్పై నలభై కూలీ చీమలు. రాణి మొదటి గుడ్డు పెట్టిన రోజు వీధిలో అందరికీ చెప్పాను. ఎవరూ మిఠాయి అడగలేదు.

తొలకరి పడ్డాక మా బావ ఆనందపురం నుంచి అగ్గిపెట్టెలో ఇంకో రాణిని పట్టుకొచ్చాడు. రెక్కలు రాల్చుకుని, సన్నగా నిగనిగలాడుతోంది.

"మీ ముసలి రాణికి తోడురా. ఇద్దరుంటే డబల్ ప్రొడక్షన్," అన్నాడు. స్టీల్ ప్లాంటులో చేస్తాడు. ఏదైనా టన్నుల్లోనే ఆలోచిస్తాడు.

"ఓలమ్మా, కొత్త కోడల్ని అలాగ తోసీడమేటిరా?" అని అమ్మ అడ్డుపడింది. సీసా మూతలో నాలుగు బియ్యపు గింజలు పోసి దారిలో పెట్టింది. రాణి వాటిని తన్నకుండా ఎక్కి దిగింది. బావ వీడియో తీశాడు. నేను ఆపాను గానీ, లేకపోతే హారతి కూడా అయిపోయేది.

రెండు రోజులు కోడలు మూలన ఒదిగి కూర్చుంది. ఎంత అణకువో అనుకున్నాం. తీరా చూస్తే ఒక కూలీ చీమను పట్టుకుని ఒళ్ళంతా రుద్దుకుంటోంది. చీమలకు వాసనే చుట్టరికం. ఆ ఇంటి వాసన ఒంటికి పట్టాక దర్జాగా ముసలి రాణి దగ్గరికి నడిచి, వెనక్కి తిరిగి, ఏదో చిమ్మి పారిపోయింది. అంతే. వాసన మారిన కన్నతల్లిని పరాయిదనుకుని పిల్లలే మీద పడ్డాయి.

బ్రష్షు కొసతో ముసలిదాన్ని బయటికి లాగి, తడి దూదితో తుడిచాను. "బతుకుతాదేటి?" అని అమ్మ మూడుసార్లు అడిగింది. సాయంత్రానికి ముసలి రాణి కాళ్ళాడించడం మానేసింది.

"మంచి సంబంధమే తెచ్చినావు!" అని అమ్మ బావను తగులుకుంది.

"నానేటి సేత్తానత్తా? సీమకి జాతకం సూత్తారేటి?"

హంతకురాలిని కిటికీలోంచి పారేయాలని రోజూ అనుకుంటూ పది రోజులకు మూత తీశాను. అప్పటికే గుడ్లు పెట్టేసింది. చచ్చిన రాణి కూతుళ్ళే వాటిని నోట కరుచుకుని జాగ్రత్తగా మోస్తున్నాయి. ఈ కూతుళ్ళు ఒక్కొక్కటీ పోయేసరికి డబ్బా నిండా కొత్తదాని సంతానమే ఉంటుంది. దాన్ని తీసేస్తే మాత్రం, ఉన్నవాటికి ఇక ఎవరూ లేరు. ఇంత ఘోరం చూసినవాడు ఏదైనా గొప్ప మాట అనాలి. నేను ఒక చుక్క చక్కెర నీళ్ళు వేశాను.

అమ్మ నా భుజం మీంచి తొంగిచూసింది.

"బాలింతరాలు. ఇంకో సుక్క ఎయ్యి," అంది.