ఎడమ భుజం

ఇస్నాపూర్ దగ్గరి ఒక ఫ్యాక్టరీలో డిస్పాచ్ గుమాస్తా రాజశేఖర్. అతని ఎడమ భుజం ఎప్పుడూ చెవిదాకా లేచే ఉండేది. ఫోన్‌ను అక్కడ ఇరికించి లారీ డ్రైవర్లతో మాట్లాడుతూ, రెండు చేతులతో కంప్యూటర్‌లో బిల్లులు కొట్టడం అతని అలవాటు. ఫోన్ లేనప్పుడు కూడా ఆ భుజం కిందికి దిగేది కాదు. "గంటకోసారి లేచి భుజాలు తిప్పు, కంప్యూటర్ జెర ఎత్తుల పెట్టుకో" అని, నొప్పికి చూపించుకున్న డాక్టర్ ఎన్నిసార్లు చెప్పినా, "ఈ లోడు పోనియ్యి సార్" అనేవాడు. లోడు వెనక లోడు వస్తూనే ఉండేది.

నిరుడు చిట్కుల్‌లో బోనాలప్పుడు, పోతరాజును చూపించమని కూతురు తనుశ్రీ చేతులు చాపింది. ఎప్పటిలా భుజాన ఎక్కించుకోబోయి, నొప్పికి "అమ్మా" అంటూ సగంలోనే దించేశాడు. మర్నాడే కంప్యూటర్ కింద రెండు కాగితాల కట్టలు పెట్టాడు. ఫోన్‌ను చెవి దగ్గర్నుంచి తీసి స్పీకర్‌లో పెట్టాడు. టీ వేళ గోడకు వీపు ఆనించి భుజాలు తిప్పడం నేర్చుకున్నాడు. నొప్పి మెల్లగా తగ్గింది.

ఈ ఏడాది బోనాల్లో డప్పులు దగ్గరికి రాగానే తనే వంగి, "రా బిడ్డా, ఎక్కు" అన్నాడు. ఏడాదిలో బాగా పొడుగైన తనుశ్రీ చుట్టూ చూసి సిగ్గుపడింది.

"వద్దు డాడీ, నాకు ఇక్కడికెల్లే కనవడుతుంది."

అతను లేచి నిలబడ్డాడు. రెండు భుజాలూ ఇప్పుడు సమానంగానే ఉన్నాయి.