పేరు గడిలో ఖాళీ చెల్లదు

దయ్యాలున్నాయంటే ఒప్పుకునే రకం కాదు నేను. మా సత్తుపల్లిలో ఓసారి మధ్యాహ్నం పూట వంటింట్లో గిన్నెలు వాటంతటవే గలగలమంటున్నాయని పక్కింటావిడ మంత్రగాణ్ణి పిలిపించింది. నేను అతని ముందే నిలబడి, "దయ్యం కాదండీ, గనిలో బ్లాస్టింగు. రేపు కూడా వస్తుంది, కూర్చుని చూడండి" అన్నాను. మర్నాడు వచ్చింది కూడా. ఆవిడ నాతో ఇప్పటికీ ముభావంగానే ఉంటుంది. నాకేం నష్టం లేదు.

కింద రాసింది అలాంటి మనిషి రాసిందని గుర్తుపెట్టుకుని చదవండి.

అప్పటికి రాష్ట్రం ఇంకా విడిపోలేదు. ఎంసీఏ చదివి, ఖమ్మంలో ఓ చిన్న కంపెనీలో డేటాబేస్ పని చేసేదాన్ని. భద్రాచలం దాటాక అడవి అంచున ఉన్న ఒక ట్రస్టు దవాఖానాని ఖమ్మంలోని ఓ పెద్ద దవాఖానాతో కలిపారు. రెండు చోట్లా వేరువేరు డేటాబేస్‌లు. చిన్నదానిలోని రోగుల వివరాలన్నీ పెద్దదానిలోకి మార్చే పని నాకు పడింది. అందుకోసం ఆ అడవి అంచు దవాఖానాకే వెళ్లి కూర్చున్నాను.

ఇది బియ్యం బస్తా ఎత్తి పక్క గదిలో పెట్టినంత తేలిక కాదు. పాతదానిలో ఏ గడి కొత్తదానిలో ఏ గడికి వెళ్లాలో ఒక్కొక్కటీ జత కలపాలి. స్కీమా మ్యాపింగ్ అంటారు. ఒకటి తేదీ అనుకున్నదాన్ని ఇంకొకటి ఉత్త అక్షరాలనుకుంటుంది. అన్నిటికన్నా పేచీ ఖాళీల దగ్గర. పాతది పేరు గడి ఖాళీగా ఉన్నా ఊరుకునేది. కొత్తది పేరు లేనిదే మనిషిని గడప దాటనివ్వదు.

ఆ దవాఖానా రికార్డుల్లో పేరు లేని పసిపిల్లలు బోలెడంతమంది. చుట్టుపక్కల కోయగూడేల్లో పుట్టీ పుట్టగానే పేరు పెట్టరు. దానికేముందని ఒక నియమం రాశాను. పేరు గడి ఖాళీగా కనిపిస్తే 'బేబీ' అని పెట్టెయ్, అంతే. పిల్లలందరూ బేబీలై కొత్త ఇంట్లోకి నడిచిపోయారు.

ఒక్క ఆడపిల్ల తప్ప.

పేరు గడి ఖాళీగా ఉంది, ఖాళీ చెల్లదు, అని మెసేజ్. ఖాళీ ఎక్కడిది? 'బేబీ' అని నా కళ్లముందే ఉంది కదా. మళ్లీ పంపాను. మళ్లీ అదే మాట. కంటికి కనిపించని అక్షరమేదైనా ఇరుక్కుందేమోనని వెతికాను, లేదు. ఆ రికార్డు మొత్తం నా చేత్తో కొత్తగా టైప్ చేశాను. 'పాప' అన్నాను. తల్లి పేరు పెట్టాను. ఆఖరికి నా పేరే పెట్టాను. దేనికైనా ఒకటే జవాబు, పేరు గడి ఖాళీగా ఉంది. పక్క మంచం మీది పిల్ల రికార్డుని చెరిపి, అదే 'బేబీ' పేరుతో మళ్లీ ఎక్కిస్తే మాత్రం మారు మాట్లాడకుండా వెళ్లింది.

మా మేనేజర్‌కి ఫోన్ చేశాను. "ఒక్క రికార్డే కదా సరళగారూ, వదిలెయ్యండి" అన్నాడు.

"మీ ఇంట్లోనూ మీరు ఒక్కరే కదా, వదిలేసి పొమ్మని మీ ఆవిడకి చెప్పమంటారా?" అన్నాను.

నా మొండితనానికి కారణముంది. ఆ పిల్లకి మొదటిసారి ఒక ఇంజెక్షన్ ఇచ్చినప్పుడు మొహమంతా వాచి ఊపిరాడలేదట. మళ్లీ ఆ మందు ఇవ్వొద్దని డాక్టరు ఆ రికార్డులోనే రాసి పెట్టాడు. మర్నాడే పిల్లని ఖమ్మం పంపుతున్నారు. పాత కంప్యూటర్‌ని ఆ సాయంత్రమే వ్యాన్‌లో తీసుకుపోతారు. నర్సు నాగమణి ఒక చీటీ రాసిచ్చింది గానీ, అంత పెద్ద దవాఖానాలో చీటీల గతి ఏమిటో నాకు తెలుసు. అక్కడ స్క్రీన్ మీద ఉన్నదే చూస్తారు. ఆ పిల్లని ఎక్కించకుండా కుర్చీలోంచి లేవకూడదనుకున్నాను.

లేచాను, నాగమణి వచ్చి "అసలు పేరు పెట్టిన్రేమో అడుగుదాం పా అక్కా" అంటే. ఆమెది పెనుబల్లి, మాటలో తీరిక ఎక్కువ.

పిల్లని వరండాలో ఎండ పొడకి పడుకోబెట్టారు. పక్కన తల్లి, నాయనమ్మ. ముసలమ్మ చేతిలో ఓ ఇప్పచెట్టు ఆకు ఉంది. పేరేమిటని అడిగాను.

"ఇంకా లేదు బిడ్డా. పొద్దుగాల లచ్చమ్మ అని పిలిచి చూసినం, వద్దన్నది."

"ఎవరు?"

"ఇంకెవరు? పేరు ఎవలదో వాళ్లే."

నాగమణి విడమరిచి చెప్పింది. పిల్ల చేతిలో ఇప్పాకు పెట్టి ఒక పేరు పలుకుతారు. గుప్పిట మూస్తే ఒప్పుకున్నట్టు. ఏడ్చినా, ఆకు వదిలేసినా ఆ పేరు వద్దన్నట్టు.

నేనూరుకుంటానా? పసిపిల్లల అరచేతిలో ఏది పెట్టినా పట్టుకుంటారనీ, అది నరాల గుణమనీ, అందులో ఒప్పుకోవడం ఏమీ లేదనీ క్లాసు పీకాను. ముసలమ్మ అంతా విని, "అయితే నువ్వే పెట్టి చూడు" అని ఆకు నా చేతికిచ్చింది.

"భద్రాద్రి రాముడి పక్కన ఉండి వేరే పేరెందుకు, సీత అను" అంది నాగమణి.

ఆకు పెట్టి సీత అన్నాను. పిల్ల వేళ్లు బార్లా తెరిచింది. ఆకు జారి నేలమీద పడింది.

"సీతమ్మనే కాదన్నదంటే మామూలు మొండిది గాదు, నీ లెక్కనే ఉందక్కా" అని నాగమణి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నరాల గుణమే అయితే పట్టుకోవాలి కదా!

ముసలమ్మ ఆకు తీసి, తుడిచి, మళ్లీ పిల్ల చేతిలో పెట్టి, "జోగమ్మ" అంది.

పిల్ల గుప్పిట మూసింది. ఆకు నలిగిన చప్పుడు నాకు వినిపించింది.

లోపలికి వెళ్లి జోగమ్మ అని టైప్ చేసి పంపాను. రికార్డు చేరింది.

నేను అంతటితో తృప్తిపడే మనిషిని కాదు. చెరిపేశాను. 'బేబీ' అని పంపాను. పేరు గడి ఖాళీగా ఉంది. నా చేతుల్లో ఏదో దోషముందేమోనని నాగమణి చేత టైప్ కొట్టించాను. ఖాళీ. మళ్లీ జోగమ్మ. చేరింది. ఈసారి చెరపబుద్ధి కాలేదు.

ఖమ్మంలో డాక్టరు ఆ స్క్రీన్ చూసే మందు మార్చాడు. నాగమణి చీటీ బస్సులోనే పోయిందట.

తర్వాత ఆఫీసుకి తెచ్చుకున్న కాపీ మీద అదే రికార్డుని, అదే నియమంతో నా మెషీన్‌లో ఎన్నోసార్లు నడిపాను. 'బేబీ' అంటే చక్కగా వెళ్లిపోతోంది. ఒక్క తప్పు కూడా చూపించదు. నాకంటే తెలివైనవాళ్లకి చూపిస్తే, నువ్వే ఏదో పొరపాటు చేసి ఉంటావన్నారు. ఏ పొరపాటో చూపించమన్నాను. ఇంతవరకూ ఎవరూ చూపించలేదు, నేనూ కనిపెట్టలేదు. ఇప్పుడు మాత్రం ఏ ప్రాజెక్టులోనైనా పసిపిల్లల పేరు గడి తప్పనిసరి అంటే క్లయింట్లతో పోట్లాడి తీయించేస్తాను. పేరు లేకపోవడం వేరు, ఇంకా ఒప్పుకోకపోవడం వేరు.

ఆ సాయంత్రం వ్యాన్ ఎక్కబోతుంటే ముసలమ్మ వరండాలోంచి కేకేసింది. "బిడ్డా, నీ డబ్బా పట్టుకున్నదా పేరు?"

అది డబ్బా కాదు, డేటాబేస్ అని చెప్పడానికి నోరు తెరిచాను.

"పట్టుకున్నదమ్మా" అన్నాను.