గట్టు అంచున ఇంటికి వాస్తు

హెర్న్‌డన్‌లో మా పక్కవీధి డాక్టరుగారు గుండె వైద్యం నుంచి రిటైరయ్యాక, మేరీలాండ్‌లో సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన బే ఒడ్డున, నిటారు గట్టు మీద ఒక ఇల్లు కొన్నారు. కొనే ముందు పునాది చూడలేదు, పైకప్పు చూడలేదు. దిక్సూచి పట్టుకుని నాలుగు మూలలూ తిరిగారు. తూర్పు పల్లం, ఈశాన్యాన నీళ్లు. ఈశాన్యాన అంత నీరున్న ఇల్లు హైదరాబాద్‌లో మంత్రులకు కూడా దొరకదని మా అందరికీ చెప్పారు. మొదట వారాంతాలకే అన్నారు. రెండో ఏడాది, హెర్న్‌డన్ ఇల్లు అమ్మేసి పూర్తిగా అక్కడికే వెళ్లిపోదామని నిర్ణయించారు. ఆయన భార్యను నేను అక్కా అంటాను. అక్కను ఎవరూ అడగలేదు.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచి, ఆ ఇంట్లో పడుకున్నప్పుడల్లా మంచం కింద నేల జారుతున్నట్టుంటుందని, తను అక్కడ ఉండలేనని చెప్పింది.

"నేను చెబితే భయమంటారు. నువ్వు అన్నీ చదువుతావు కదా, నువ్వు సైన్స్ చెప్పు."

ఆ మాటకు నేను ఎంత పొంగిపోయానో దాచను. డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేసి, పెళ్లయి వచ్చినదాన్ని. నా వీసా మీద ఉద్యోగం చేయకూడదు, లైబ్రరీకి వెళ్లవచ్చు. పదకొండేళ్లుగా వెళుతున్నాను. అగ్నిపర్వతాలు, తేనెటీగలు, రోమన్ రోడ్లు, ఏది చేతికొస్తే అది చదివాను. మా వాళ్ల పార్టీలలో డాక్టర్లకొక సోఫా, ఇంజనీర్లకొక సోఫా ఉంటాయి. ఊరికే చదివినవాళ్లకు సోఫా లేదు. పూరీలు వత్తుతూ తేనెటీగల గురించి చెబితే పిండి ఇంకాస్త గట్టిగా కలపాల్సిందంటారు.

గట్ల మీద మా లైబ్రరీలో దొరికిన పెద్ద పుస్తకం ఇంగ్లండ్ తీరంలోని సుద్దగట్ల గురించి. రెండుసార్లు చదివాను. కంటికి కనపడని సముద్రజీవుల పెంకులు కోట్ల ఏళ్లు అడుగున పేరుకుంటే సుద్ద అవుతుంది. వాననీరు దాని పగుళ్లలోకి దిగి, చలికి గడ్డకట్టి, పగులును వెడల్పు చేస్తుంది. కింద అలలు పాదాన్ని తొలుస్తాయి. ఆధారం పోయిన పైభాగం ఒక్కసారిగా కూలుతుంది. ఆ కూలిన గుట్టే కొన్నాళ్లు అలలకు అడ్డం నిలుస్తుంది. సముద్రం దాన్ని కొంచెం కొంచెంగా మోసుకుపోయి మళ్లీ పాదం దగ్గర మొదలుపెడుతుంది. గట్టు అలా వెనక్కి జరుగుతూనే ఉంటుంది. దాని మీది ఇల్లు మాత్రం జరగదు.

శనివారం వాళ్లతో కలిసి ఆ ఇంటికి వెళ్లాను. వెంట పుస్తకం, ఒక వెనిగర్ సీసా. సుద్ద మీద వెనిగర్ పడితే నురగ వస్తుందని చదివాను. ముగ్గురం మెట్లు దిగి ఇసుకలోకి వెళ్లాం. గట్టు పాదం మీద తెల్లగా కనిపించిన చోట పోశాను. నురగ వచ్చింది. సుద్దే అని ప్రకటించాను.

డాక్టరుగారు వంగి చూశారు. "నువ్వు పోసింది గవ్వ మీదమ్మా. గట్టు మీద పోసి చూడు."

పోశాను. మట్టిలోకి ఇంకిపోయింది. అదంతా ఇసుక, బంకమన్ను. రంగు గోధుమ. అంత బరువు పుస్తకం మోసుకొచ్చినదాన్ని ఎదురుగా ఉన్న రంగు చూడలేదు.

"నీ సుద్దతో ప్రాబ్లం ఉంటే ఇంగ్లండ్ వాళ్లకి చెప్పు. ఇది మేరీలాండ్," అన్నారు ఆయన.

బంకమన్ను సుద్దకంటే మెత్తన, ఇంకా త్వరగా జారుతుందని చెప్పబోయేసరికి ఆయన మెట్లెక్కుతున్నారు. రోగుల బంధువులు ఇంటర్నెట్‌లో చదివి వచ్చి చెప్పేదంతా జీవితమంతా ఓపికగా విన్న మనిషి. మధ్యలో లేచి వెళ్లడం ఆ ఓపికలో భాగం.

అక్క ముఖం చూడలేకపోయాను. పైకి వచ్చాక, ఏదో ఒకటి చేయాలి కనుక, టేపు తీసుకుని కంచె వెంట కొలిచాను. సర్వే మ్యాపు ప్రకారం ఈశాన్యం మూల ఒక కంచె గుంజ ఉండాలి. గుంజ ఉంది. దాని కింద నేల లేదు, తీగకు వేలాడుతోంది. మూల ఏడడుగులు పోయిందని అక్కకు చెప్పాను. ఎందుకు పోయిందో కూడా చెప్పబోతే, ఏ మూలో మళ్లీ చెప్పమంది. చెప్పాను. ఇంకేం అడగలేదు.

సోమవారం పొద్దున హెర్న్‌డన్ ఇంట్లో అక్క హైదరాబాద్‌లోని వాస్తు పండితుడికి వీడియో కాల్ చేసింది. డాక్టరుగారిని పక్కన కూర్చోబెట్టుకుని, నా ఏడడుగులను సర్వే మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసి చూపించింది. నన్ను టీ పెట్టమంది కనుక అంతా విన్నాను. ఈశాన్యం తెగడం యజమాని ఆరోగ్యానికి, ముఖ్యంగా గుండెకు మంచిది కాదన్నాడు పండితుడు. ఊళ్లోవాళ్ల గుండెలన్నీ చూసిన డాక్టరుగారు చొక్కా మీద చెయ్యి పెట్టుకున్నారు. పరిహారం ఉందట. కంచెను వెనక్కి జరిపి స్థలాన్ని మూలమట్టానికి తెస్తే సరిపోతుందట.

"మళ్లీ తెగితేనండీ?" అని అక్క అడిగింది.

"మళ్లీ వెనక్కి జరపాలమ్మా."

"అలా జరుపుతూ పోతే ఇంటి గోడ వస్తుంది కదండీ."

"అప్పుడు ఆ ఇంట్లో ఉండకూడదు తల్లీ. తూర్పున ఖాళీ లేకపోతే ఎలా?"

నా పుస్తకం చివరి అధ్యాయం కూడా ఇదే చెబుతుంది, పటాలతో సహా. తీరం జరిగినకొద్దీ మనమూ వెనక్కి జరగాలి, జరగడానికి చోటు లేనప్పుడు ఖాళీ చేయాలి. నా దగ్గర ఆ అధ్యాయం దాకా రాని డాక్టరుగారు పండితుడి దగ్గర నోట్సు రాసుకున్నారు. కాల్ అయ్యాక తన బీపీ తనే చూసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే హెర్న్‌డన్ ఇంటి అమ్మకం ఆపేశారు. అట్టపెట్టెల్లో సర్దిన గిన్నెలు మళ్లీ అలమరల్లో పెట్టడానికి అక్కకు సాయం చేశాను. నాకు మనసు ఒప్పుకోలేదు. ఆయన చేసింది సరైన పనే అయినా కారణం తప్పు కదా, ఇంకోసారి కూర్చోబెట్టి అసలు సంగతి చెబుతానన్నాను. బంకమన్ను గట్ల మీద పుస్తకం అప్పటికే రిజర్వ్ చేశాను.

"అది రాగానే రిటర్న్ చేసేయ్," అంది అక్క, కుక్కర్‌ను స్టవ్ పక్కన దాని చోట్లో పెడుతూ. "ఆయన కన్విన్స్ అయిపోయారు. నువ్వు మళ్లీ మొదలెట్టకు."

పుస్తకం వచ్చింది. చదివాను. సుద్దకంటే బంకమన్నే ఆసక్తిగా ఉంది. అక్కవాళ్లింట్లో మాత్రం ఆ మాట ఇంతవరకు ఎత్తలేదు.