ఏ తొవ్వల నడుపుతవని అడగని దుకాణం

నిన్న ఇబ్రహీంపట్నంలో మనవరాలిని వెంటబెట్టుకుని, దాని డర్ట్ బైక్‌కి కొత్త ఇగ్నిషన్ కొనబోతే, దుకాణంలోని టూ స్ట్రోక్ పొగ వాసనకు మా బాపు బండి గుర్తొచ్చింది. వానలో అది మొరాయిస్తే, బాపు పోస్టుకార్డు ముక్కను పెట్రోల్లో ముంచి, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య తుడిచేవాడు. గొడుగు పట్టేదాన్ని నేను. మీ ఇళ్లలోనూ ఆ వాసన ఉండేది కదా?

అప్పటి మెకానిక్ ఏది మార్చాలన్నా ముందు, "అన్నా, ఏ తొవ్వల నడుపుతవ్?" అనేవాడు. నిన్నటి మనిషి అదొక్కటీ అడగలేదు.

"రేసింగ్ కిట్ పెట్టు చెల్లె, మస్తు ఉరుకుతది" అన్నాడు మనవరాలితో.

మా పిల్ల నడిపేది వెంచర్ల వెనక గుట్టల మీద. మొన్న మెల్లగా గుట్ట ఎక్కుతుండగా బండి ఆగిపోయి పిల్ల కిందపడింది.

"మెల్లగ ఎక్కేటప్పుడు గుంజుతదా?" అన్నాను.

"నీకేం తెలుస్తదవ్వా" అని నవ్వాడు.

"నడువవ్వా, ఈయనకే తెల్వదు" అంటూ మనవరాలు నాకంటే ముందే మెట్లు దిగింది.