మల్లిగాడి సూదిమందు

మా ఫ్రిజ్‌లో పెరుగు గిన్నెకూ దోసెల పిండికీ మధ్య ఒక చిన్న మందు సీసా ఉంటుంది. దాన్ని అరచేతుల మధ్య మెల్లగా దొర్లించి, సిరంజిలోకి మందు లాగి, పిల్లి మెడ వెనక తోలు ఎత్తిపట్టి గుచ్చేసరికి నా వేళ్లకు ఆసుపత్రి వాసన అంటుకుంటుంది. సబ్బుతో కడిగినా పోదు. ఆ వాసనతోనే కాఫీ కలుపుకుంటాను, ఆ వాసనతోనే పట్టుచీరలకు కుచ్చులు కట్టడానికి కూర్చుంటాను. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. పిల్లికి షుగరు వచ్చింది, రోజూ రెండుపూటలా ఇన్సులిన్ వెయ్యాలి అంటే ధర్మవరంలో నవ్వనివాళ్లు లేరు. మా అవ్వ బతికుంటే ఆమె కూడా నవ్వేది. ఆమె కాలంలో పిల్లికి మందు పెట్టడం కాదు, కడుపునిండా తిండి పెట్టడమే తప్పు.

నా చిన్నప్పుడు మా సందులో అన్నీ మగ్గాల ఇళ్లే. చలికాలం పొద్దుల్లో, ఎండ ఇంకా మిద్దెలు దిగకముందే, సందు ఈ కొస నుంచి ఆ కొసకు పట్టు పడుగు సాగదీసి కట్టి, పెద్దవాళ్లు అటూ ఇటూ నిలబడి తెగిన పోగులు వెతికి ముడివేస్తుంటే, పిల్లలం గోడ వారగా, ఊపిరి బిగబట్టి, బడికి నడవాల్సి వచ్చేది. పరిగెత్తితే వీపు పగిలేది. ఆ పడుగు కింద నుంచి తోక ఎత్తుకుని దర్జాగా నడిచే హక్కు ఒక్క మల్లిగాడికే ఉండేది. మల్లిగాడంటే పిల్లి. అది పోతే ఎక్కడినుంచో ఇంకొకటి వచ్చేది, తెల్లదైనా నల్లదైనా, ఆడదైనా మగదైనా దానికీ అదే పేరు. ఫలానా ఇంటి పిల్లి అనే మాటే మా సందులో లేదు. ఎలుక ఒక్కసారి పట్టులో దూరిందంటే ఒక ఇంటివాళ్లు పడిన కష్టమంతా పీలికలయ్యేది కాబట్టి, పిల్లి అందరిదీ.

అందరిదీ కాబట్టి దాని తిండి కూడా అందరూ పంచుకున్నారు. సాయంత్రం నాయన మగ్గం గుంటలోంచి కాళ్లు బయటికి తీసి, మోకాళ్లు రుద్దుకుంటూ వచ్చి కూర్చున్నాక, రాగిసంగటి, చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి, ఉంటే కాస్త మజ్జిగ. గాలికాలంలో ఎర్రదుమ్ము ముద్దలో పడకుండా గిన్నెకు చెయ్యి అడ్డం పెట్టుకుని తినేవాళ్లం. అందరి తిండీ అయ్యాక అవ్వ ఉసిరికాయంత సంగటి మజ్జిగలో మెదిపి, అరుగు మీద పెట్టి, "మల్లిగా, రారా" అని పిలిచేది. అప్పటికే అది రెండు ఇళ్లు చూసుకుని వచ్చి ఉండేది, మా తర్వాత ఇంకో నాలుగిళ్లకు పోయేది. ఉగాదికి పూర్ణం ఓళిగ అంచు, పీర్ల పండక్కి బెల్లం మలీద, ఏది వండినా దాని వంతు దానికి వచ్చేది. కానీ ఉసిరికాయంతే. ఒకసారి ఎదురింటి నాగమ్మత్త, అప్పుడు కొత్తకోడలు, జాలిపడి చిప్పనిండా పెరుగన్నం పెడితే అవ్వ సందు దద్దరిల్లేలా అరిచింది.

"కడుపునిండా పెడితే మీ ఇంట్లోనే పండుకుంటాడు గదే. మా పట్టు ఎవురు కాసేది?"

పిల్లి ఆకలి కూడా ఆ సందు ఉమ్మడి ఆస్తి. మేము తెగిన పట్టుపోగులు ఉండగా చుట్టి దాని ముందు దొర్లిస్తే రోంతసేపు ఆడి, బుద్ధి పుడితే మధ్యలోనే వదిలేసి ఎలుక జాడ పట్టుకుని పోయేది. దాని ఒంట్లో కొవ్వనేది మేమెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు సందులో మగ్గాలు లేవు. మా నాయన మగ్గం గుంటను బండలు పరిచి పూడ్చేశాం. నేసే పట్టు లేదు, దాని కోసం వచ్చే ఎలుకలూ లేవు. పోకుండా మిగిలింది ఒక్కటే, పిల్లి వంతు. వంతు మిగిలింది గానీ ఉసిరికాయ కొలత మిగల్లేదు. ఒకరు పాలలో బిస్కెట్లు నానబెడతారు, ఒకరు కోడిగుడ్డన్నం, పిల్లలైతే చేతిలో ఏముంటే అది. ఇప్పటి మల్లిగాడు, చెంపమీద మచ్చ ఉన్నవాడు, గుమ్మడికాయలా ఊరి, తర్వాత ఉన్నట్టుండి చిక్కిపోయాడు. బకెట్లో తలపెట్టి నీళ్లు తాగేవాడు. వెనక కాళ్లు మడమల దాకా నేలకు ఆనించి ఈడ్చుకుంటూ నడిచేవాడు. వాడు పడుకునేది మా ఇంట్లో కాబట్టి పశువుల ఆసుపత్రికి నేనే మోసుకెళ్లాను. అలా అందరి పిల్లి జబ్బు నా ఒక్కదాని నెత్తిన పడింది.

ఇన్సులిన్‌కు కావలసింది ఒకటే. ఎంత తిన్నాడో తెలియాలి. ఆ ఒక్కటే మా సందులో తెలియదు. నేను గిన్నెలో కొలిచి పెడతాను, తింటాడు, సూది వేస్తాను, గోడ దూకి పోతాడు. చెవి అంచున గుచ్చి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు దిగి ఉండదు. ఎవరు పెట్టారని ఇల్లిల్లూ అడిగితే ఎవరూ పెట్టలేదు. పెట్టలేదన్న నాగమ్మత్త గడపలోనే పాలచిప్ప ఉండేది. ఈ మందుకు వాడాల్సిన ఎర్రమూత సిరంజి అడిగితే మందుల షాపులో నారింజమూతది చేతిలో పెట్టి, "అన్నీ ఒకటేలే అక్కా" అనేవాళ్లు. ఒకటి కావు, కొలతలు వేరు, తేడా వస్తే ప్రాణం మీదికి వస్తుంది అని వివరించి వివరించి నా నోరు ఎండిపోయింది. షుగరు దిగడం లేదని డాక్టరమ్మ మందు కొద్దిగా పెంచింది. మళ్లీ దిగలేదు, మళ్లీ పెంచింది.

ఆ మధ్య ఒకరోజు సందంతా కొత్తచెరువు ఊళ్లో పెళ్లికి పోయింది. అర్జంటు కుచ్చుల పని ఉండి నేను పోలేదు. పొద్దున మల్లిగాడు నా గిన్నెలోది తిన్నాడు, రోజూ వేసే మందే వేశాను. వాడు ఎప్పటిలా ఇల్లిల్లూ తిరిగినట్టున్నాడు, అన్నీ తాళాలే. మధ్యాహ్నం మా గుమ్మంలోకి తాగినవాడిలా తూలుతూ వచ్చి, పక్కకు ఒరిగి, కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మకు ఫోన్ చేస్తే బెల్లం నీళ్లు వేలితో చిగుళ్లకు రుద్దమంది. ఏడుస్తూనే రుద్దాను. కాసేపటికి నాలుక కదిలింది, కళ్లు నన్ను గుర్తుపట్టాయి. ఆసుపత్రికి తీసుకెళ్లి జరిగింది చెబితే ఆమె తల పట్టుకుంది.

"ఇన్నాళ్లూ మనం మందు లెక్క కట్టింది మీ ఇంటి తిండికి కాదక్కా, మీ సందు తిండికి. ఈ పొద్దు సందు లేకపాయె, మందు మాత్రం పూర్తిగా పడె."

మర్నాడే గుమ్మానికీ కిటికీలకూ జాలీ కొట్టించి మల్లిగాడిని లోపల పెట్టాను. ఇక మొదలైంది. పిల్లలు జాలీ కంతల్లోంచి బిస్కెట్టు ముక్కలు తోసేవాళ్లు. మగ్గం మానేసి పొద్దుపోని ఓబులేసన్న రోజూ వచ్చి నిలబడేవాడు.

"రోంత అన్నం పెడితే చస్తాడామ్మా?"

"చస్తాడన్నా. మొన్న సగం చచ్చినాడు."

నాగమ్మత్త నా మొహం మీదే అనేసింది. "నోరులేనిదాన్ని జైల్లో ఏసినావు. అది నీ ఒక్కదానిదా?"

నాకూ ఒళ్లు మండింది. "అందరిదీ అయితే సూది ఎయ్యడానికి ఒక్కరన్నా రాండి చూస్తాం" అన్నాను. ఎవరూ రాలేదు. పిల్లలను గదిమాను, వాళ్ల తల్లులతో పోట్లాడాను. వీడికి పిడికెడు మెతుకులు పెట్టినవాళ్లు వీడిని చంపినట్టేనని సందు మధ్యలో నిలబడి అరిచాను. అవ్వ గొంతే నాకు వచ్చినట్టుంది.

ఎండలు ముదిరి తగ్గాయి. వానల నెల వచ్చింది, వాన రాలేదు. మల్లిగాడి షుగరు దిగింది. మందు సగానికి తగ్గింది. మడమలు పైకెత్తి నడుస్తున్నాడు. ఇంక కాసేపు బయటికి వదలొచ్చు, అదుపులో ఉన్నాడు అని డాక్టరమ్మ చెప్పినరోజు నాకు పట్టలేనంత సంతోషం వేసింది. సాయంత్రం జాలీ తలుపు తీశాను. తోక ఎత్తుకుని సందులోకి దిగాడు. మళ్లీ ఎవరు ఏం పెడతారో, ఎవరితో పోట్లాడాలో అనుకుంటూ నేనూ వెనకాలే గుమ్మంలో నిలబడ్డాను.

నాగమ్మత్త గడప దగ్గర ఆగి అరిచాడు. లోపల టీవీ మోగుతోంది. ఆమె తొంగిచూసి, నన్ను చూసి, లోపలికి పోయింది. ఓబులేసన్న అరుగు మీదే ఉన్నాడు. చెయ్యి చాపబోయి, వెనక్కు తీసుకున్నాడు. ఒక్కో వాకిలీ చూసుకుంటూ సందు కొసదాకా పోయాడు. ఎవరూ పిలవలేదు, ఎవరి వాకిట్లోనూ చిప్ప లేదు. కాఫీ చల్లారకముందే తిరిగొచ్చి నా కాళ్ల దగ్గర కూర్చుని, నా మొహంలోకి చూసి అరిచాడు.

కొలిచి పెట్టాను. అంతా తిన్నాడు. సీసా తీసి సూది వేశాను. పెట్టొద్దని వీధిన పడి అరిచింది నేనే. అయినా ఆ సాయంత్రం, ఒక్కరైనా నా మాట వినకుండా ఉండి ఉంటే బాగుండేదనిపించింది.